ఇంటి కేబుల్‌కు లినక్స్ కంప్యూటరు చేరిన కథ

ఇంటి గోడకు వచ్చిన కేబుల్ తీగను మోడెం అనే చిన్న పెట్టెకు బిగించి, ఆ పెట్టె నుండి మరొక తీగను కంప్యూటరుకు తగిలించుట నేడు ఐదు నిమిషముల పని. ఆ కంప్యూటరును నడిపించేది విండోస్ అయినా, లినక్స్ అయినా తీగకు భేదము తెలియదు. కాని 1990 దశకపు చివరి సంవత్సరములలో అమెరికాలో ఈ పనికి పూనుకొన్న కొత్తవారికి కేబుల్ కంపెనీలు తరచుగా ఒకే మాట చెప్పేవి. విండోస్, మెకింటాష్ యంత్రములకు మాత్రమే తాము సహాయము చేయగలమనీ, లినక్స్ సంగతి తమకు పట్టదనీ ఆ మాట. ఇంటికి వచ్చిన పనివాడు వెంట తెచ్చిన సీడీలో లినక్స్‌కు పనికివచ్చేది ఏదీ ఉండేది కాదు.

అయినప్పటికీ ఆ కంప్యూటర్లు ఇంటర్నెట్‌లో చేరినవి. పిలుపు లేని ఒక యంత్రము పెద్ద వ్యాపార సంస్థల తీగకు ఎట్లు తగులుకోగలిగినది? దీనికి సమాధానము తెలియవలెనంటే టెలివిజన్ తీగ ఎట్లు పుట్టినదో, లినక్స్ ఎట్లు పుట్టినదో వేరువేరుగా పరిశీలించి, పిమ్మట ఆ రెండూ కలిసిన చోటును చూడవలెను.

కొండ చాటు ఊళ్లు

కేబుల్ తీగను మొదట వేసినది కంప్యూటర్ల కొరకు కాదు. టెలివిజన్ ప్రసారమునకు వాడే తరంగములు వెలుతురు వలె దాదాపు సూటిగా పోతాయి. మధ్య కొండ అడ్డము వచ్చినచో అవతలి ఊరికి బొమ్మ అందదు. 1948లో అమెరికాలోని పెన్సిల్వేనియా, ఆరెగాన్, ఆర్కన్సా రాష్ట్రములలో కొందరు దీనికి ఒక ఉపాయము కనిపెట్టారు. ఎత్తైన చోట ఒక పెద్ద ఏంటెన్నా నిలిపి, దానికి అందిన సంకేతమును తీగ ద్వారా ఊరిలోని ఇండ్లకు దింపారు. పెన్సిల్వేనియాలోని మహనాయ్ సిటీలో ఈ పని చేసిన జాన్ వాల్సన్ విద్యుత్ సామగ్రి అమ్మే దుకాణదారుడు. బొమ్మ కనబడనిదే టెలివిజన్ పెట్టెలు అమ్ముడుపోవు గదా! ఒకే ఏంటెన్నాను ఊరంతా పంచుకొనేది గనుక దీనికి సామూహిక ఏంటెన్నా టెలివిజన్ అని పేరు వచ్చినది.

ఇందుకు వాడే తీగ కోయాక్సియల్ కేబుల్. నడుమ ఒక లోహపు తీగ, దాని చుట్టూ విద్యుద్బంధక పదార్థము, దానిపై లోహపు తొడుగు, అన్నిటికీ పైన ప్లాస్టిక్ పొర, ఇదీ దాని నిర్మాణము. నడిమి తీగకు, తొడుగుకు అక్షము ఒక్కటే. ఆ పేరుకు అర్థము అదే. తొడుగు లోపలి సంకేతమును బయటికి పోనీయదు, బయటి అలజడిని లోనికి రానీయదు. ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఇట్టి తీగకు పేటెంట్ పొందాడు. అమెరికాలో ఎస్పెన్‌షీడ్, ఏఫెల్ అనే ఇంజనీర్లు అనేక పౌనఃపున్యములను ఒకే తీగపై పంపే కోయాక్సియల్ వ్యవస్థకు 1931లో పేటెంట్ పొందారు.

తీగలో ఎంత చోటు?

కంప్యూటర్లు దూరము నుండి మాట్లాడుకొనుటకు తొలుత ఇండ్లలో దొరికిన దారి టెలిఫోను తీగ. టెలిఫోను మనుష్యుని కంఠస్వరము కొరకు ఏర్పడినది. అందులో సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యములు మాత్రమే సాగుతాయి. అనగా దాని వెడల్పు 3,100 హెర్ట్జ్. అమెరికాలో ఒక్క టెలివిజన్ చానెల్‌కు కేటాయించిన వెడల్పు 60 లక్షల హెర్ట్జ్. టెలిఫోను దారి కంటె ఇది దాదాపు 1,900 రెట్లు పెద్దది. కేబుల్‌లో అట్టి చానెళ్ళు పదుల కొలది ఉన్నవి. మొదటిది పొలము గట్టుమీది కాలిబాట అయితే రెండవది రాచబాట.

ఈ భేదము లెక్కలో ఎట్లు కనబడునో చూడవచ్చును. 1998లో ప్రమాణముగా అంగీకరింపబడిన టెలిఫోను మోడెం అధమపక్షము కాదు, అత్యధికముగా సెకనుకు 56,000 బిట్లను దింపగలిగేది. కేబుల్‌లో తరంగము ఎత్తును, దశను కలిపి మార్చుతూ 64 వేర్వేరు స్థితులను కల్పిస్తారు. 2ను ఆరుసార్లు వేసి గుణించిన 64 వస్తుంది గనుక ఒక్కొక్క స్థితి 6 బిట్లను మోస్తుంది. సెకనుకు 50 లక్షలకు పైగా ఇట్టి స్థితులను పంపితే 3 కోట్ల బిట్లు అవుతాయి. తప్పులు దిద్దుకొనుటకు కేటాయించిన భాగము పోగా సుమారు 2 కోట్ల 70 లక్షల బిట్లు మిగులుతాయి. 10 లక్షల బైట్లు గల పుస్తకమునకు 80 లక్షల బిట్లు కావలెను. టెలిఫోను మోడెం దానిని దింపుటకు రెండు నిమిషములకు పైగా పడుతుంది. కేబుల్ చానెల్ మొత్తము ఒక్కరికే దొరికినచో సెకనులో మూడవ వంతు చాలును. అయితే ఆ చానెల్‌ను పేటలోని ఇండ్లన్నీ పంచుకొంటాయని మరువరాదు.

తిరుగు ప్రయాణము

ఇంత వెడల్పు ఉండికూడ కేబుల్ తీగ వెంటనే ఇంటర్నెట్‌కు పనికిరాలేదు. టెలివిజన్ ఏకముఖమైనది. బొమ్మ కేంద్రము నుండి ఇంటికి వస్తుంది, ఇంటి నుండి కేంద్రమునకు పోవలసినది ఏమీ లేదు. దారిలో సంకేతమును బలపరచే యాంప్లిఫయర్లు కూడ ఒకే దిక్కుకు పనిచేసేవి. ఇంటర్నెట్‌కు ప్రశ్న పోవలెను, జవాబు రావలెను. అందువలన కంపెనీలు రెండు దిక్కులకు పనిచేసే యాంప్లిఫయర్లను అమర్చి, కేంద్రము నుండి పేటల వరకు గాజు తంతువులను పరచవలసి వచ్చినది. తిరుగు ప్రయాణమునకు అమెరికాలో 50 లక్షల నుండి 4 కోట్ల 20 లక్షల హెర్ట్జ్ వరకు గల క్రింది భాగమును విడిచిపెట్టారు.

అక్కడ రెండు చిక్కులు ఎదురైనవి. మొదటిది అలజడి. ప్రతి ఇంటిలోని వదులు బిగింపుల గుండా మోటార్ల సందడి, రేడియో ప్రసారములు తీగలో జొరబడతాయి. వాగులన్నీ కలిసి ఏరైనట్లు పేటలోని అలజడి అంతా కేంద్రము వద్ద కలుస్తుంది. అందుచేత తొలి మోడెంలు తిరుగు దారిలో 64 స్థితులు వాడక, 4 లేక 16 స్థితులతోనే తృప్తిపడినవి. దింపుకొనే వేగము ఎక్కువ, పంపే వేగము తక్కువ అగుటకు కారణములలో ఇది ముఖ్యమైనది.

రెండవ చిక్కు, ఒకే తీగపై అందరూ ఒకేసారి మాట్లాడబోవుట. దీనికి జవాబు వెదకినవారు ముందే ఉన్నారు. హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము 1971లో దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపే అలోహా వ్యవస్థను నడిపినది. రెండు కేంద్రముల సందేశములు ఢీకొంటే, రెండూ కొంతసేపు ఆగి తిరిగి పంపవలెననునది అందులోని నియమము. ఎవరెంతసేపు ఆగవలెనో ముందుగా నిర్ణయము లేదు గనుక మళ్ళీ ఢీకొనే అవకాశము తక్కువ. ఆ వ్యవస్థను చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధనాలయమున డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఈథర్‌నెట్‌ను రూపొందించాడు. వెలుతురును మోసే ఈథర్ విశ్వమంతటా నిండియున్నదని పూర్వపు భౌతికశాస్త్రజ్ఞులు ఊహించినారు. ఆ ఊహ తప్పని తేలినా, పేరు మాత్రము ఈ తీగకు దక్కినది. తొలి ఈథర్‌నెట్ కూడ కోయాక్సియల్ కేబుల్ మీదనే నడిచినదని గమనించవలెను.

కేబుల్ మోడెంలలో ఈ ఆలోచనకు ఒక మార్పు చేశారు. తరగతిలో పిల్లలు చేయి ఎత్తగా ఉపాధ్యాయుడు పేరు పిలిచి మాట్లాడమన్నట్లు, మోడెం ముందు వంతు అడుగుతుంది. కేంద్రము దానికి కాలములో ఒక చిన్న భాగమును కేటాయిస్తుంది. చేతులు ఎత్తేటప్పుడు మాత్రమే ఢీకొనుటకు వీలున్నది, మాట్లాడేటప్పుడు కాదు.

దుబాసీ పెట్టె

తొలి కేబుల్ మోడెంలు ఏ కంపెనీకి ఆ కంపెనీ భాషనే మాట్లాడేవి. కేంద్రములో ఒక సంస్థ యంత్రము ఉంటే ఇండ్లలోనూ ఆ సంస్థ మోడెంలే ఉండవలెను. దీనివలన ధరలు దిగవు. అందుచేత పెద్ద కేబుల్ కంపెనీలు కొన్ని కలిసి 1997 మార్చిలో డాక్సిస్ అనే ఉమ్మడి ప్రమాణమును ప్రకటించినవి. దానిని పరీక్షించి ధ్రువీకరించిన మోడెంలు 1999లో వచ్చినవి.

ఈ ప్రమాణము ప్రకారము మోడెంకు రెండు ముఖములు ఉన్నవి. కేబుల్ వైపున డాక్సిస్ భాష. కంప్యూటరు వైపున ఈథర్‌నెట్. ఈథర్‌నెట్ అప్పటికే 1983 నుండి అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘమైన ఐట్రిపుల్‌ఈ అంగీకరించిన ప్రమాణము. పాఠశాలలలో, కార్యాలయములలో ఎన్నో కంప్యూటర్లు దానితో కలుపబడి ఉన్నవి. ఈ పెట్టెను దుబాసీ అనవచ్చును. తరంగపు ఎత్తులు, దశలు, వంతులు, అలజడి, ఈ గొడవ అంతయు దుబాసీ ఒక వైపున తానే పడుతుంది. రెండవ వైపున ఉన్న కంప్యూటరుకు అది వినిపించేది అందరికీ తెలిసిన భాష.

ఈ నిర్ణయము చిన్నదిగా కనబడుతుంది. కాని కథకు మలుపు ఇదే. ఈథర్‌నెట్ తెలిసిన ప్రతి కంప్యూటరుకు కేబుల్ తీగ వద్ద చోటు దొరికినది. దానిని ఎవరు తయారుచేశారు, దానిలో ఏ ఆపరేటింగ్ సిస్టం ఉన్నది అని మోడెం అడుగదు.

హెల్సింకీ విద్యార్థి

లినక్స్ కథ 1991లో ప్రారంభమైనది. ఫిన్లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన ఇంటి కంప్యూటరు కొరకు ఒక ఆపరేటింగ్ సిస్టం వ్రాస్తున్నట్లు ఆ సంవత్సరము ఆగస్టు 25న తోటివారికి తెలియజేశాడు. అది వట్టి వినోదమనీ, పెద్దది కాబోదనీ ఆయన భావము. 1992లో దానిని ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనవచ్చుననే జీపీఎల్ షరతుల క్రిందికి మార్చాడు. మార్చినదానిని పంచేవారు ఆ మార్పుల మూలవ్రాతను కూడ ఇవ్వవలెననునది ఆ షరతులలో ఒకటి. ఈ షరతు ముందుముందు పెద్ద ఫలితమును ఇచ్చినది.

ఇంటర్నెట్‌లో చేరవలెనంటే టీసీపీ/ఐపీ అనే నియమావళి తెలియవలెను. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ దాని మూలసూత్రములను 1974లో ప్రకటించారు. 1983 జనవరి 1న అమెరికా ప్రభుత్వ పరిశోధనా జాలమైన ఆర్పానెట్ దానికి మారినది. ఆ నియమములు బహిరంగముగా అచ్చైనవి. ఎవరైనను చదివి అమలు చేయవచ్చును. రాస్ బైరో, పిమ్మట ఫ్రెడ్ వాన్ కెంపెన్, వేల్స్‌లోని స్వాన్సీ నుండి ఆలన్ కాక్స్ వాటిని లినక్స్‌లో వ్రాసి దిద్దినారు. 1994 మార్చిలో లినక్స్ 1.0 వెలువడేనాటికి అందులో సుమారు 1,76,000 పంక్తులు ఉన్నవి, ఇంటర్నెట్ నియమములు కూడ ఉన్నవి.

భాష తెలిసినంత మాత్రమున చాలదు; నోరు కూడ కావలెను. ఈథర్‌నెట్ కార్డు ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా పనిచేస్తుంది. దానిని నడిపే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అంటారు. తయారీదారులు సాధారణముగా విండోస్‌కే డ్రైవరు ఇచ్చేవారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన గొడ్డార్డ్ కేంద్రములో పనిచేసిన డొనాల్డ్ బెకర్ ఈ లోటును చాలవరకు తీర్చాడు. ఆయనా, థామస్ స్టెర్లింగూ 1994లో 16 మామూలు కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి బియోవుల్ఫ్ అనే గణన యంత్రమును నిర్మించినారు. గొప్ప సూపర్ కంప్యూటరును కొనలేని పరిశోధకులకు చవకదారి చూపుట దాని ఉద్దేశము. అందుకు చవక కార్డుల డ్రైవర్లు కావలసివచ్చినవి. బెకర్ అనేక కార్డులకు వ్రాసిన డ్రైవర్లు అందరికీ అందినవి. శాస్త్ర గణనల కొరకు పుట్టిన ఆ పని, కొన్నేండ్లకు ఇంటి గదిలోని విద్యార్థికి కేబుల్ దారి తెరిచినది.

మూసుకొన్న ఒక తలుపు

ఇదంతా ఇట్లే జరిగి తీరవలెనన్న నియమము లేదు. దీనికి ఎదురుగా అదే కాలమున టెలిఫోను తీగ వద్ద జరిగినదానిని చూడవచ్చును. పాత టెలిఫోను మోడెం తన పని తానే చేసుకొనేది. దానికి ఆజ్ఞలు ఇచ్చే పద్ధతి అందరికీ తెలిసినదే. 1990 దశకపు రెండవ సగములో ధర తగ్గించుటకై మోడెంలోని కొన్ని భాగములను తీసివేసి, ఆ పనిని కంప్యూటరులోని విండోస్ ప్రోగ్రాముకు అప్పగించిన మోడెంలు విరివిగా వచ్చినవి. వాటిని జనులు విన్‌మోడెంలు అన్నారు. అవి చవక. కాని వాటిని నడిపే రహస్యము తయారీదారు వద్దనే ఉన్నది. లినక్స్ వాడేవానికి ఇవి చాలావరకు కంప్యూటరులో బిగించిన వట్టి రేకుముక్కలే అయినవి.

తీగ అదే, ఊరు అదే, ఇంటర్నెట్ కూడ అదే. యంత్రమునకు, ప్రోగ్రామునకు నడుమ సరిహద్దు ఎక్కడ గీశారు, ఆ సరిహద్దు వద్ద మాట్లాడే భాష బహిరంగమైనదా, రహస్యమైనదా అనునదే ఎవరు లోనికి రాగలరో నిర్ణయించినది. కేబుల్ మోడెంలలో కూడ ఈథర్‌నెట్‌కు బదులు యూఎస్‌బీ తీగతో తగిలేవి కొన్ని వచ్చినవి. వాటిలో ప్రత్యేక డ్రైవరు అడిగేవి కొత్తవారిని ఎంతో ఏడిపించినవి. రెండు విధముల సాకెట్టులు ఉన్న మోడెంలో ఈథర్‌నెట్‌నే వాడుమని అనుభవజ్ఞులు చెప్పుటకు కారణమిదే.

చిరునామా అడుగుట

తీగ తగిలినది, కార్డు పలికినది. ఇక కంప్యూటరుకు ఒక చిరునామా కావలెను. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రమునకు ఐపీ చిరునామా అనే సంఖ్య ఉండవలెను. పూర్వము ఈ సంఖ్యలను మనిషి చేతితో వ్రాసిపెట్టేవాడు. 1985లో బూట్‌పీ అనే నియమము, దానిని పెంపొందించి 1993లో డీహెచ్‌సీపీ అనే నియమము వచ్చినవి. రాల్ఫ్ డ్రోమ్స్ అనే అధ్యాపకుడు దానిని వ్రాశాడు. 1997 మార్చిలో సవరించిన రూపమే నేటికి కూడ పునాదిగా ఉన్నది. డాక్సిస్ వెలువడినది కూడ ఆ నెలలోనే.

డీహెచ్‌సీపీ నాలుగు మాటల సంభాషణ. కొత్త కంప్యూటరు, "ఇక్కడ చిరునామాలు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా?" అని తీగపై కేక వేస్తుంది. కేంద్రములోని సర్వరు, "ఈ సంఖ్యను ఇస్తాను, తీసుకొంటావా?" అంటుంది. "అదే ఇప్పించండి" అని కంప్యూటరు కోరుతుంది. "నీకే ఇచ్చినాను, ఇంత కాలము వరకు" అని సర్వరు ముగిస్తుంది. చిరునామా సొంతము కాదు, కౌలుకు వచ్చిన పొలము వంటిది. గడువు తీరకముందే మళ్ళీ అడిగి కొనసాగించుకోవలెను. చిరునామాతో పాటు బయటికి పోయే ద్వారము సంఖ్యను, పేర్లను సంఖ్యలుగా మార్చిచెప్పే నేమ్ సర్వరు సంఖ్యను కూడ సర్వరే తెలుపుతుంది. ఈ సంభాషణ నడుపుటకు లినక్స్‌లో డీహెచ్‌క్లయింట్, పంప్ వంటి ప్రోగ్రాములు ఉండేవి. సీడీలోని కంపెనీ ప్రోగ్రాము చేసే అవసరమైన పని కూడ ముఖ్యముగా ఇదే.

కొత్తవారి వరుసక్రమము

2000 ప్రాంతమున లినక్స్ వాడుకదారులు ఒకరికొకరు వ్రాసి పంచుకొన్న చేతిపుస్తకములు ఈ పనికి గురువులైనవి. లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు క్రింద వచ్చిన వ్రాతలలో కేబుల్ మోడెంకు ప్రత్యేకముగా ఒకటి ఉండేది. కొత్తవారు అనుసరించిన క్రమము ప్రయోగశాలలో దోషము వెదికే పద్ధతికి మంచి ఉదాహరణము.

మొదట మోడెం దీపములను చూడవలెను. కేబుల్ దీపము నిలకడగా వెలుగనిచో కంప్యూటరును తాకి ప్రయోజనము లేదు. లోపము కేబుల్ వైపున ఉన్నది. రెండవది, కార్డును లినక్స్ గుర్తించినదా? సరియైన డ్రైవరు ఎక్కినచో ఈథ్0 అనే పేరుతో కార్డు కనబడుతుంది. మూడవది, డీహెచ్‌సీపీ ప్రోగ్రామును నడిపి, ఇఫ్‌కాన్ఫిగ్ అనే ఆజ్ఞతో చిరునామా వచ్చినదా అని చూడవలెను. నాలుగవది, పింగ్. జలాంతర్గామిని వెదకుటకు నీటిలో ధ్వని పంపి ప్రతిధ్వని వినే విధముగా, పింగ్ ఒక యంత్రమునకు చిన్న పొట్లము పంపి జవాబు కొరకు వేచియుంటుంది. మైక్ మూస్ అనే అమెరికా సైనిక పరిశోధనాలయ శాస్త్రజ్ఞుడు 1983 డిసెంబరులో దానిని వ్రాసి, ఆ ధ్వని పేరునే పెట్టాడు. ముందు ద్వారమునకు పింగ్ చేయవలెను, పిమ్మట దూరపు యంత్రమునకు సంఖ్యతో, చివరకు పేరుతో. సంఖ్యకు జవాబు వచ్చి పేరుకు రానిచో తీగ, కార్డు, చిరునామా అన్నీ సరియే; లోపము నేమ్ సర్వరు వివరములలో ఉన్నది.

అన్నీ సరిగా చేసినా చిరునామా రాని సందర్భములు ఉండేవి. ప్రతి ఈథర్‌నెట్ కార్డుకు తయారీలోనే 48 బిట్ల గుర్తుసంఖ్య ఒకటి పడుతుంది. అందులో సగము తయారీదారును తెలుపుతుంది. కొన్ని కేబుల్ కంపెనీలు మొదటి రోజు చూసిన కార్డు గుర్తును వ్రాసుకొని, వేరొక కార్డుకు జవాబు ఇచ్చేవి కావు. కంపెనీకి ఫోను చేసి కొత్త గుర్తు తెలుపవలెను, లేదా లినక్స్ ఆజ్ఞతో కొత్త కార్డు చేత పాత గుర్తునే చెప్పించవలెను. మరికొన్ని కంపెనీలు ఖాతాదారునికి ఒక యంత్రనామము ఇచ్చి, చిరునామా అడిగేటప్పుడు దానిని చెప్పిననే జవాబు ఇచ్చేవి. ఆ పేరును డీహెచ్‌సీపీ ప్రోగ్రాముకు ముందే చెప్పవలెనని తెలియక ఎందరో రాత్రులు గడిపారు. ఇవి లినక్స్ లోపములు కావు. కాని సహాయము చేయవలసినవారు ఆ మాట చెప్పనందున, లోపము తమదేనని కొత్తవారు అనుకొనేవారు.

అతిథి ద్వారపాలకుడైన వైనము

కేబుల్ కంపెనీ ఇంటికి సాధారణముగా ఒకే చిరునామా ఇచ్చేది. ఇంటిలో రెండు కంప్యూటర్లు ఉంటే? ఐపీ చిరునామా 32 బిట్లది గనుక లోకమంతటికి 429 కోట్ల 49 లక్షల పైచిలుకు సంఖ్యలే ఉన్నవి. అవి చాలవని ముందే తెలిసినది. 1994లో ప్రకటింపబడిన నాట్ అనే పద్ధతిలో, ఇంటిలోని యంత్రములన్నీ లోపలి సంఖ్యలు వాడుకొంటాయి; ద్వారము వద్ద ఉన్న ఒక యంత్రము వాటి ఉత్తరములపై తన చిరునామా వేసి పంపి, జవాబు రాగానే ఎవరిది వారికి అందజేస్తుంది. 1996లో వచ్చిన లినక్స్ 2.0కు ఈ విద్య తెలుసును. 2001 జనవరిలో వచ్చిన 2.4లో ఐపీటేబుల్స్ అనే మరింత మెరుగైన సాధనము చేరినది. మూలనపడిన పాత కంప్యూటరులో రెండు ఈథర్‌నెట్ కార్డులు పెట్టి, ఒకటి మోడెంకు, రెండవది ఇంటిలోని తీగలకు తగిలిస్తే అది ఇంటికంతటికీ ద్వారపాలకుడైనది. కేబుల్ ఎల్లవేళలా తెరిచియుండే దారి గనుక, అడుగకుండ లోనికి వచ్చే పొట్లములను అదే ఆపివేసేది.

ఔత్సాహికులు చేతితో చేసినదానిని త్వరలోనే కంపెనీలు చిన్న పెట్టెలో అమర్చి అమ్మినవి. 2002 డిసెంబరులో లింక్‌సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైర్‌లెస్ రౌటరును విడుదల చేసినది. ఆ పెట్టె లోపల నడిచేది లినక్స్ అని 2003లో వాడుకదారులు గుర్తించారు. వెనుక చెప్పిన షరతు అప్పుడు పనికివచ్చినది. లినక్స్‌ను పంచేవారు దాని మూలవ్రాతను ఇవ్వవలెను గదా! ఆ సంస్థ 2003లో దానిని బయటపెట్టినది. దాని ఆధారముగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉమ్మడి కృషి మొదలై నేటికీ సాగుతున్నది. కొన్నేండ్ల క్రితము సహాయము లేదనిపించుకొన్న లినక్స్, ఇప్పుడు విండోస్ కంప్యూటర్లకు కూడ ద్వారము తెరిచే స్థానములో కూర్చున్నది.

తీగ మారినా

అప్పటి నుండి కేబుల్ ప్రమాణము ఎన్నోసార్లు పెరిగినది. 2006లో డాక్సిస్ 3.0 అనేక చానెళ్ళను కలిపి వాడే వీలు కల్పించినది. 2013లో వచ్చిన 3.1 సెకనుకు 1,000 కోట్ల బిట్ల వరకు దింపే లక్ష్యమును పెట్టుకొన్నది. లినక్స్ వైపున 2004లో మొదలైన నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాము, తీగ తగిలిన క్షణముననే డీహెచ్‌సీపీ సంభాషణను తానే నడుపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రారంభమైన ఫైబర్‌నెట్ ఊళ్ళలోని కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇండ్లకు చేరినది. అక్కడ తీగ రాగిది కాదు, గాజుది. మధ్య పెట్టె వేరు, దాని భాష వేరు. కాని ఆ పెట్టె నుండి కంప్యూటరుకు వచ్చే తీగపై వినబడేది ఈథర్‌నెట్టే.

పాఠశాలలో కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలిపే ఉపాధ్యాయుడు విద్యార్థుల చేత ఒక చిన్న పరీక్ష చేయించవచ్చును. ఆ తీగను ఒక విండోస్ యంత్రమునకు, పిమ్మట ఒక లినక్స్ యంత్రమునకు తగిలించి, ప్రతిసారి ఏ చిరునామా వచ్చినదో, ద్వారము సంఖ్య ఏదో, నేమ్ సర్వరు ఏదో వ్రాసుకొనుమనవచ్చును. రెండు యంత్రములు ఒకే ద్వారము పేరు చెబుతాయి. ఆ రెండు పంక్తులు ఒకదానిక్రింద ఒకటి వ్రాసిన పిల్లలకు, తలుపు ఎవరి కొరకు తెరిచి ఉన్నదో వేరే చెప్పనవసరము లేదు.